కాకినాడ ఎదురుగా సముద్రంలో అగ్నిపర్వతం ఉందట, నిజమేనా?

తూర్పుతీరం_రాజు
మా అత్తగారి ఊరు ఉప్పాడ పక్కనే. నిన్నటి నుంచి అక్కడి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కాకినాడ ఎదురుగా సముద్రం అడుగున అగ్నిపర్వతం ఉందట, గ్యాస్ కక్కుతోందట, ఏ రోజైనా పేలి సునామీ తెస్తుందట. కింద బూడిదరంగు బురద ఉడుకుతున్నట్టున్న గుంట ఫొటో ఒకటి. ఆవిడకి టెన్షన్ పట్టుకుని రాత్రంతా నిద్ర లేదు. ఇలాంటివి పంపి జనాన్ని భయపెట్టడం ఏం సరదానో నాకర్థం కాదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇందులో నిజం ఎంత? మన సముద్రంలో గ్యాస్ రావడం అంటూ ఉందా? ఉంటే మన దగ్గరే ఎందుకు?

పోర్ట్‌బ్లెయిర్_లక్ష్మి
ఆ ఫొటో మా అండమాన్‌ది. బారాటాంగ్ ద్వీపంలో బురద అగ్నిపర్వతం. మా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకెళ్తాం కాబట్టి చూడగానే గుర్తుపట్టాను, వెనకాల ఆ కర్ర కంచె కూడా కనిపిస్తోంది. దానికీ కాకినాడకీ సంబంధం లేదు.

కోనసీమ_కుర్రాడు
ఫొటో సంగతి తేలింది. మరి గ్యాస్ సంగతి?

రాయీ_రప్పా
గ్యాస్ నిజం. అగ్నిపర్వతం అబద్ధం. సునామీ కూడా అబద్ధం.

కృష్ణా–గోదావరి బేసిన్‌లో, తీరానికి చాలా దూరంగా, 900 నుంచి 1800 మీటర్ల లోతులో సముద్రం అడుగు నుంచి మీథేన్ బుడగలు పైకి వస్తున్న చోట్లు ఉన్నాయి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు సింధు సాధన నౌకలో వెళ్లి చూసి, 2019లో ప్రచురించారు. మన దేశపు సముద్ర జలాల్లో అలాంటివి కనిపించడం అదే మొదటిసారి. అక్కడ శిలాద్రవం లేదు, లావా లేదు, నీళ్లు కూడా చల్లగానే ఉంటాయి.

తూర్పుతీరం_రాజు
అంత లోతులో బుడగలు వస్తున్నాయని పైనుంచి ఎలా తెలిసింది?

డెక్‌మీద_శీను
ఇది నేను చెప్తా, సర్వే నౌకల మీదే నా ఉద్యోగం. మన బోట్లలో చేపల కోసం ఎకో సౌండర్ పెడతారు కదా, అదే పద్ధతి, కాకపోతే చాలా శక్తివంతమైనది. కిందికి శబ్దం పంపితే గట్టి వస్తువుకి తగిలి తిరిగొస్తుంది. బుడగలో గ్యాస్ ఉంటుంది కాబట్టి నీళ్లలో అది శబ్దాన్ని చాలా గట్టిగా వెనక్కి కొడుతుంది. తెర మీద అడుగు గీత దగ్గర మొదలై నిలువుగా మంటలా లేస్తుంది. చేపల గుంపు అయితే మధ్యలో తేలుతూ మబ్బులా కనిపిస్తుంది, దానికి అడుగుతో అతుకు ఉండదు. నౌక వెనక్కి తిప్పి అదే చోటికి వస్తే చేపలు వెళ్లిపోయి ఉంటాయి, గ్యాస్ తీగ అక్కడే ఉంటుంది. కొన్ని వందల మీటర్ల ఎత్తు లేచాక సన్నబడి మాయమవుతుంది. వాచ్ డ్యూటీలో ఉన్నప్పుడు అది కనిపిస్తే క్యాబిన్లో అందరూ లేచి నిలబడతారు.

హ్యూస్టన్_సుబ్బు
ఎందుకు మాయమవుతుందో కూడా చెప్పు అన్నా. చాలామంది అది నేరుగా గాల్లో కలిసి భూమిని వేడెక్కిస్తుందనుకుంటారు.

డెక్‌మీద_శీను
కరిగిపోతుంది. బుడగ పైకి వచ్చేకొద్దీ మీథేన్ నీళ్లలోకి జారిపోతుంది. వెయ్యి మీటర్ల లోతు నుంచి బయల్దేరింది పైదాకా చేరడం దాదాపు జరగదు. నీళ్లలో కరిగినదాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది. లోతు తక్కువైన చోట కథ వేరు. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా ఒడ్డున కోల్ ఆయిల్ పాయింట్ ఉంది, అక్కడ లోతు పదుల మీటర్లే, బుడగలు నీటి మీదికి వచ్చి పగలడం పడవలోంచి చూడొచ్చు.

లెక్కల_మాస్టారు
రాజు గారి అసలు ప్రశ్న అలాగే ఉంది. ఎందుకు వస్తుంది, మన దగ్గరే ఎందుకు?

రాయీ_రప్పా
మాస్టారూ, కాస్త పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

లక్ష్మి గారు చెప్పిన బురద అగ్నిపర్వతం లావా కక్కేది కాదు, లోపలి బురదా గ్యాసూ పైకి తన్నే చోటు. సముద్రం అడుగున గ్యాస్ రావడానికీ మూలం దాదాపు అదే, కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. అది పుట్టాలంటే ముందు మెత్తటి బంకమట్టి చాలా మందంగా, చాలా వేగంగా పేరుకోవాలి. వేగం ఇక్కడ ముఖ్యం. నెమ్మదిగా పేరుకుంటే పైబరువుకి కింది మట్టిలోని నీళ్లు మెల్లగా బయటికి పోయి మట్టి గట్టిపడుతుంది. నదులు ఏటా వండ్రు తెచ్చి కుమ్మరిస్తుంటే ఆ నీళ్లకి బయటపడే సమయం దొరకదు. బంకమట్టి నీటిని వదిలే రకం కాదు కూడా. పైనున్న బరువంతా లోపల ఇరుక్కున్న నీటి మీద పడుతుంది. కింద వదులుగా, తేలిగ్గా ఉన్న బురద, దాని మీద గట్టి బరువు. నాట్లు వేసే మడిలో కాలు పెడితే వేళ్ల సందుల్లోంచి బురద ఎలా ఎగదన్నుతుందో, పొరల్లో సందు దొరికితే ఇదీ అలాగే పైకి తన్నుకొస్తుంది.

దీనికి మరో రెండు తోడవుతాయి. ఒకటి, లోతుకి వెళ్లేకొద్దీ వేడి. స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం పొరల మధ్య నీటిని దాచుకుని ఉంటుంది. సుమారు 60 డిగ్రీలు దాటాక అది ఇల్లైట్‌గా మారుతూ ఆ నీటిని వదిలేస్తుంది. అసలే దారిలేక ఇరుక్కున్న చోట ఇంకా నీళ్లు వచ్చి చేరతాయన్నమాట. రెండోది గ్యాస్. మట్టితో పాటు పూడుకుపోయిన ఆకులూ అలములూ, నాచూ, చచ్చిన జీవులూ కుళ్లి మీథేన్ అవుతాయి. తక్కువ లోతులో సూక్ష్మజీవులు చేస్తాయి, మరీ లోతులో వేడే చేస్తుంది. గ్యాస్ కలిసిన బురద ఇంకా తేలికవుతుంది, పైకి వచ్చేకొద్దీ వ్యాకోచించి ఇంకా తోస్తుంది.

చివరగా కావాల్సింది పిండే చేయి, పగులు. భూమి పైపెంకులోని రెండు పెద్ద ఫలకాలు ఒకదాని కిందికి ఒకటి దూరుతున్న చోట ఈ రెండూ దొరుకుతాయి. అందుకే పటం తీసి చూస్తే ఇవి ఎక్కడపడితే అక్కడ ఉండవు. అజర్‌బైజాన్, కాస్పియన్ సముద్రం, పాకిస్తాన్ మక్రాన్ తీరం, మధ్యధరా అడుగు, బార్బడోస్ దగ్గర, మయన్మార్ అరకాన్ తీరంలో రాంరీ, చెదూబా దీవులు, మన అండమాన్. అన్నీ మందపాటి మట్టిని ఫలకాలు పిండుతున్న చోట్లే.

లెక్కల_మాస్టారు
అయితే మన తూర్పు తీరంలో ఫలకాలు గుద్దుకోవడం లేదే. బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున కదా అది.

రాయీ_రప్పా
అదే అసలైన ప్రశ్న. మన దగ్గర పిండేది ఫలకం కాదు, బరువే. గోదావరి, కృష్ణ లక్షల సంవత్సరాలుగా తెచ్చిన వండ్రు ఖండపుటంచు మీద కొన్ని కిలోమీటర్ల మందాన పేరుకుంది. ఆ అంచు లోతు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. అడుగున నీళ్లతో నిండిన బంకమట్టి పొర జారుడుగా ఉంటుంది కాబట్టి పైనున్న మట్టంతా చాలా నెమ్మదిగా లోతువైపు జారుతుంది. ఒడ్డు వైపు సాగి పగుళ్లు పడతాయి. దిగువన జారిన మట్టంతా ఒకచోట ముడుచుకుని ఉబ్బుతుంది, అక్కడ బంకమట్టి గుట్టలుగా పైకి లేస్తుంది. ఆ ఉబ్బుల నెత్తిన పడిన పగుళ్లే గ్యాస్‌కి దారులు. మన బేసిన్‌లో బుడగలు కనిపించిన చోట్లకీ ఈ ఉబ్బులకీ సంబంధం ఉంది.

నైలు నది ముఖద్వారం ముందు సముద్రంలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మిసిసిపి ముందు కూడా గ్యాస్ కక్కే చోట్లున్నాయి. పెద్ద నది, పెద్ద డెల్టా, దాని ముందు గ్యాస్. అన్నం పెట్టే డెల్టాకీ ఈ బుడగలకీ మూలం ఒకే వండ్రు. నాకు ఈ విషయంలో నచ్చేది అదే.

కోనసీమ_కుర్రాడు
మాది పాశర్లపూడికి దగ్గర. 1995 జనవరిలో బావి పేలి గ్యాస్ మంట 65 రోజులు మండింది. ఊళ్లు ఖాళీ చేయించారు. రాత్రిపూట కూడా వెలుతురు ఆరేది కాదని మా నాన్న ఇప్పటికీ చెప్తారు. అది కూడా ఇదేనా?

రాయీ_రప్పా
కాదు. అది మనిషి వేసిన బావి. లోపల ఒత్తిడితో ఉన్న గ్యాస్‌ పొరకి రంధ్రం పడి అదుపు తప్పింది. అయితే ఆ ఒత్తిడి ఎందుకుందీ అంటే నేను పైన చెప్పిన కారణాలే చాలావరకు. తవ్వేవాళ్లు ఈ బేసిన్ అంటే జాగ్రత్తగా ఉండేది కూడా అందుకే.

బెజవాడ_బండోడు
ఇక్కడే నాకు అనుమానం. ఇండోనేషియాలో లూసి అని ఒకటుంది కదా, సిదోవార్జోలో. 2006 మే 29న బురద మొదలైంది, ఊళ్లకు ఊళ్లే మునిగాయి, వేలమంది ఇళ్లు పోయాయి. పక్కనే గ్యాస్ బావి తవ్వుతున్నారు. అది కూడా మనిషి చేసిందే అని నేనంటాను. రెండు రోజుల ముందు యోగ్యకర్తలో వచ్చిన భూకంపం మీదికి నెట్టేశారు.

హ్యూస్టన్_సుబ్బు
అంత తేలిగ్గా తేల్చేయకు బండోడా. భూకంపం వల్లే అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు, తవ్వకం వల్లే అనేవాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి పత్రికల్లో వాదించుకున్నారు.

బెజవాడ_బండోడు
భూకంప కేంద్రం 250 కిలోమీటర్ల దూరం, బావి ఒక 150–200 మీటర్ల దూరం. నేను దగ్గరున్నదాన్నే అనుమానిస్తాను.

రాయీ_రప్పా
తవ్వకమే కారణమన్న వాదనే బలమైనదని నా అభిప్రాయం కూడా. బావిలో ఒత్తిడి లెక్కలు ఆ వైపే చూపిస్తున్నాయి. కానీ దూరం ఒక్కటే చూసి తేల్చకు. 2013 సెప్టెంబర్ 24న బలూచిస్తాన్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. కేంద్రానికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, గ్వాదర్ ఎదురుగా సముద్రంలోంచి బురద దీవి ఒకటి లేచింది. నిన్న నీళ్లున్న చోట ఇరవై మీటర్ల ఎత్తు గుట్ట! జనం పడవల్లో వెళ్లి ఎక్కారు. అక్కడక్కడ బుసబుసమని గ్యాస్ వస్తుంటే అగ్గిపుల్ల గీస్తే అంటుకుంది. కింద గ్యాస్ ముందే కాచుకుని ఉంటే దూరపు కుదుపు కూడా చాలు.

లెక్కల_మాస్టారు
ఆ దీవి ఇప్పుడుందా?

రాయీ_రప్పా
లేదు. మూడేళ్లకి అలలు తినేశాయి. మెత్తటి బురద ఎంతకాలం నిలుస్తుంది? అక్కడ ఇది కొత్త కూడా కాదు, 1945 భూకంపం తర్వాతా అలాంటి దీవులు లేచాయి. కాస్పియన్‌లో కుమానీ బ్యాంక్ అనే చోట దీవి మాటిమాటికీ లేచి పోతుంది. 2023 మొదట్లో లేచింది, 2024 చివరికల్లా దాదాపు కనుమరుగైంది. ఉపగ్రహ చిత్రాల్లో చూడొచ్చు.

పోర్ట్‌బ్లెయిర్_లక్ష్మి
మా బారాటాంగ్‌ది కూడా 2003లో ఒకసారి గట్టిగా కక్కింది. 2004 డిసెంబర్ భూకంపం, సునామీ తర్వాత 2005లో మళ్లీ.

రాజు గారూ, మీ అత్తగారికి ఇది చెప్పండి. ఆ ఫొటోలో ఉన్నదాని దగ్గర నేను చేయి పెట్టి చూశాను. బురద చల్లగా ఉంటుంది. నున్నటి బూడిదరంగు, వేళ్ల మధ్య రాస్తే సబ్బులా జారుతుంది. కొంచెం కిరసనాయిలు వాసన. చిన్న చిన్న గుంటల్లో నిదానంగా ఒక బుడగ ఉబ్బుతుంది, పగులుతుంది, మళ్లీ కాసేపు ఏమీ ఉండదు. పెద్ద పేలుడు చూద్దామని వచ్చిన మా చిన్నాన్న కొడుకు ఇంతేనా అని మొహం వేలాడేశాడు. మన దేశంలో నిజంగా శిలాద్రవం కక్కే అగ్నిపర్వతం వేరే ఉంది, బారెన్ ద్వీపం. అదీ అండమాన్ సముద్రంలోనే. జనం రెండిటినీ కలిపేస్తారు.

తూర్పుతీరం_రాజు
చల్లటి బురద అన్న మాట బాగా పనికొస్తుంది లక్ష్మి గారూ. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.

విజయనగరం_వాణి
హింగ్లాజ్ మాత యాత్రలో చంద్రగుప్ అని ఒక బురద గుట్ట ఎక్కుతారు, అది కూడా మక్రాన్‌లోదేనా? కొబ్బరికాయలు బురదలో వేసి మొక్కుకుంటారని విన్నాను.

రాయీ_రప్పా
అదే. ఒడ్డున ఉన్న బురద అగ్నిపర్వతం. గ్వాదర్ దీవి ఆ కుటుంబానిదే.

భీమవరం_రొయ్యలరాజు
మీరంతా నదులూ ఫలకాలూ అంటున్నారు గానీ నాకు ఇంకోటి తడుతోంది. మా రొయ్యల చెరువు అడుగున మేత ఎక్కువైతే మట్టి నల్లబడుతుంది. కాలితో కదిపితే బుడగలొస్తాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది పెరిగితే రొయ్యలు అడుగు వదిలి గట్టెంబడి తిరుగుతాయి, ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. మీ సముద్రం అడుగు గ్యాసూ ఇదీ ఒకటేనా? ఒకటే అయితే అక్కడ జీవాలన్నీ చచ్చిపోవాలి కదా?

మైక్రోబ్_మాధవి
రొయ్యలరాజు గారూ, చాలా దగ్గరికి వచ్చారు. పరిశోధనలో నేను చూసేది ఈ సూక్ష్మజీవుల్నే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఉప్పునీళ్లలో సల్ఫేట్ ఉంటుంది. ఆక్సిజన్ అయిపోయిన మట్టిలో కొన్ని బ్యాక్టీరియా కుళ్లే పదార్థాన్ని సల్ఫేట్ సాయంతో తిని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. మీ చెరువులో కోడిగుడ్డు వాసన అదే. నల్లరంగు ఇనుముతో కలిసిన సల్ఫైడ్‌ది. ఇంకా లోతుకి పోతే సల్ఫేట్ కూడా అయిపోతుంది, అప్పుడు మరో రకం జీవులు మీథేన్ తయారుచేస్తాయి. సముద్రం అడుగున కూడా ఇదే వరుస, కాకపోతే మీటర్ల మందాన.

కింది నుంచి మీథేన్ పైకి వస్తుంది, పై నుంచి సల్ఫేట్ కిందికి దిగుతుంది. రెండూ కలిసే చోట రెండు రకాల సూక్ష్మజీవులు గుంపుగా బతుకుతాయి. వాటిలో ఆర్కియా అనే రకం మీథేన్‌ని పట్టుకుంటుంది, దాని చుట్టూ ఉన్న బ్యాక్టీరియా సల్ఫేట్‌ని వాడుకుంటుంది. 2000లో అమెరికా ఒరెగాన్ తీరం ఎదురుగా హైడ్రేట్ రిడ్జ్ అనే చోట తీసిన మట్టిలో ఈ గుంపుల్ని సూక్ష్మదర్శినిలో చూశారు. సముద్రం అడుగున పుట్టే మీథేన్‌లో చాలా భాగం నీళ్లలోకి రాకముందే ఇక్కడే ఖర్చయిపోతుంది. శీను గారు చూసే బుడగలు వీటి చేతికి చిక్కకుండా పగుళ్లలోంచి తప్పించుకున్నవి.

చచ్చిపోవాలి కదా అన్నారు. మామూలు జీవాలకి సల్ఫైడ్ విషమే. కానీ అక్కడ ఉండే ఆల్చిప్పలూ, గొట్టపు పురుగులూ ఆ సల్ఫైడ్‌ని, మీథేన్‌ని తినే బ్యాక్టీరియాని తమ ఒంట్లోనే పెట్టుకుని పోషిస్తాయి. బ్యాక్టీరియా వాటికి తిండి తయారుచేసి పెడుతుంది. మన బేసిన్‌లోనూ అలాంటి ఆల్చిప్పలు, నత్తలు, సైబోగ్లినిడ్ అనే గొట్టపు పురుగులు దొరికాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కొన్ని గొట్టపు పురుగులు 200 ఏళ్లకు పైగా బతుకుతాయి. ఎండ పొడ కూడా తగలని చోట అంత జీవితం! దాని గురించి మెసేజ్‌లు తిరగవు, భయపెట్టేవే తిరుగుతాయి. నాకు బాధ అదే.

భీమవరం_రొయ్యలరాజు
అంటే మా చెరువులో కూడా ఆ ఆల్చిప్పలు వేస్తే...

మైక్రోబ్_మాధవి
వేయకండి 🙂 వాటికి వెయ్యి మీటర్ల లోతు, చల్లటి నీళ్లు కావాలి. మీరు మేత తగ్గించి ఏరేటర్లు తిప్పడమే మందు.

డెక్‌మీద_శీను
నార్వే పైన బారెంట్స్ సముద్రంలో హాకోన్ మోస్బీ అని బురద అగ్నిపర్వతం ఒకటుంది, 1250 మీటర్ల లోతులో, సుమారు కిలోమీటర్ వెడల్పు. కెమెరా దించిన వీడియోలు చూడండి. మధ్యలో వట్టి బురద, దాని చుట్టూ తెల్లటి బ్యాక్టీరియా పరుపు, ఇంకా బయటికి పురుగుల తోట. లావా అగ్నిపర్వతానికీ దీనికీ పోలిక పేరులోనే.

విజయనగరం_వాణి
అన్నీ నదుల మట్టి నుంచేనా? సముద్రం మధ్యలో నది లేని చోట?

రాయీ_రప్పా
పసిఫిక్‌లో మరియానా కందకం దగ్గర వేరే రకం ఉంది. అక్కడ కిందికి దూరే ఫలకం నుంచి వచ్చే నీరు పై ఫలకం లోతుల్లోని రాయిని సర్పెంటైన్ అనే మెత్తటి ఖనిజంగా మారుస్తుంది. ఆ మెత్తబడిన పచ్చనీలం బురద పైకి వచ్చి గుట్టలు కడుతుంది. కొన్ని 50 కిలోమీటర్ల వెడల్పు, 2 కిలోమీటర్ల ఎత్తు. నది ప్రమేయం ఏమీ లేదు.

కోనసీమ_కుర్రాడు
ఓడలు మునిగిపోవడానికి ఈ గ్యాసే కారణమని యూట్యూబ్‌లో చూశాను.

డెక్‌మీద_శీను
అలా మునిగిందని రుజువైన ఓడ ఒక్కటీ లేదు. తవ్వే రిగ్గులకి మాత్రం పైపొరల్లో దాగిన గ్యాస్ నిజమైన ప్రమాదం. అందుకే రిగ్గు నిలబెట్టే ముందు మాలాంటివాళ్లతో అడుగంతా సర్వే చేయిస్తారు.

బెజవాడ_బండోడు
ఇంత మీథేన్ మన గుమ్మం ముందుంటే తీసుకోకుండా ఏం చేస్తున్నాం? 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక వచ్చి తవ్వితే కృష్ణా–గోదావరిలో 128 మీటర్ల మందాన మీథేన్ హైడ్రేట్ దొరికిందని అప్పట్లో పేపర్లలో చదివాను. పక్క దేశాల దగ్గర గ్యాస్ కొనే ఖర్మ మనకెందుకు?

లెక్కల_మాస్టారు
హైడ్రేట్ అంటే?

మైక్రోబ్_మాధవి
చలి, ఒత్తిడి రెండూ ఉన్న చోట నీటి అణువులు గూళ్లుగా కట్టుకుని లోపల మీథేన్‌ని బంధిస్తాయి. చూడ్డానికి మంచుగడ్డ, అగ్గి పెడితే మండుతుంది. ఒక ఘనపు మీటరు కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. మన దగ్గర బుడగలొచ్చే కొన్నిచోట్ల అడుగుకి రెండు మూడు మీటర్ల కిందే దొరికింది.

హ్యూస్టన్_సుబ్బు
బండోడా, నీ ఆశ నాకూ ఉంది, కానీ తీయడం తేలిక కాదు. అది ఇసుకలోనో పగుళ్లలోనో గడ్డకట్టి ఉంటుంది, పైపు వేస్తే దానంతట అది రాదు. ఒత్తిడి తగ్గించి కరిగించాలి. జపాన్ 2013లో నాన్‌కాయ్ దగ్గర చేసి చూసింది. గ్యాస్ వచ్చింది, దాంతో పాటు ఇసుక కూడా బావిలోకి వచ్చి ఆరు రోజుల్లో ఆపేయాల్సి వచ్చింది. 2017లో చైనా 60 రోజులు నడిపింది. వ్యాపారంగా ఎవరూ ఇంకా తీయడం లేదు. మన 128 మీటర్లు చాలావరకు బంకమట్టి పగుళ్లలో ఉన్నది, ఇసుకలో ఉన్నదానికంటే అది ఇంకా కష్టం. 2015లో చిక్యూ నౌకతో మళ్లీ వెళ్లింది ఇసుక పొరల్లో ఉన్నది వెతకడానికే.

తూర్పుతీరం_రాజు
మా వాళ్ల తరఫున అడుగుతున్నా. తీస్తే వాలు జారిపోదా?

రాయీ_రప్పా
అడగాల్సిన మాటే. సుమారు 8200 ఏళ్ల కిందట నార్వే ఎదురుగా స్టోరెగ్గా వద్ద సముద్రం అడుగు వాలు జారి సునామీ వచ్చింది. అందులో హైడ్రేట్ పాత్ర ఎంత అన్నది ఇంకా వాదనే. కానీ అసలే జారుతున్న వాలు మీద, గడ్డకట్టి మట్టిని పట్టి ఉంచుతున్న పదార్థాన్ని కరిగిస్తామంటే ముందు ఆ వాలు బలం ఎంతో కొలవాలి. ఇప్పుడు దానంతట అది వస్తున్న బుడగలకీ ఆ ప్రమాదానికీ సంబంధం లేదు. మీ అత్తగారిని నిశ్చింతగా ఉండమనండి.

బెజవాడ_బండోడు
కొలిచాకే తీయమంటున్నా నేను కూడా. భయపడి వదిలేయొద్దంటున్నా అంతే.

రాయీ_రప్పా
కొలవకుండా మొదలుపెట్టకూడదు, నేనన్నది కూడా అంతే. సిదోవార్జో నువ్వే గుర్తుచేశావు.

ఇంటర్_ఇందు
నాకు ఇది చదవాలనుంది. ఇంటర్ ఎంపీసీ. ఏ దారిలో వెళ్లాలి?

మైక్రోబ్_మాధవి
బీఎస్సీలో జియాలజీ ఉన్న గ్రూపు తీసుకో అమ్మా, లేదా ఫిజిక్స్ చదివి జియోఫిజిక్స్ వైపు రావచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు హైడ్రేట్ల మీద భూకంప తరంగాలతో పని చేస్తున్నారు. నేను మొదట చెప్పిన జీవుల మీద ఇష్టముంటే మైక్రోబయాలజీ.

డెక్‌మీద_శీను
విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది ఇందూ. కాలేజీ తరఫున అడిగి ఒకసారి వెళ్లిరా. అడుగు నుంచి తీసిన మట్టి గొట్టం చీల్చిపెట్టి ఉంటే చూపించమను. పైన గోధుమరంగు, కాస్త కిందికి నల్లరంగు, సల్ఫైడ్ వాసన. రొయ్యలరాజు గారి చెరువు మట్టే అనుకుంటావు.